ధర తగ్గింది, విలువ తగ్గలేదు

(రోగుల బంధువుల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగం)

 

మీలో కొందరు రాత్రంతా వార్డు బయట బెంచీల మీదే గడిపారు. కొందరు మహేశ్వరం, కందుకూరు వైపు పల్లెల నుండి పొద్దున్నే బస్సెక్కి తుక్కుగూడ చేరుకున్నారు. అలసిపోయి ఉన్న మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను. అయినా ఈ నాలుగు మాటలు చెప్పక తప్పదనిపించింది. కారణం మీరు తరచుగా అడిగే ఒక ప్రశ్న.

"డాక్టరుగారూ, ఇంత అగ్గువ మందు పని చేస్తదా? పైసలు ఎక్కువైనా పరవాలేదు, మంచి మందు రాయండి."

ఈ మాట వెనుక ఉన్న ప్రేమ మాకు అర్థమవుతుంది. మనవాళ్ళకు మేలైనదే ఇవ్వాలని ఎవరికి ఉండదు? కానీ దీనివల్ల జరిగే నష్టాన్ని కూడా మేము చూస్తున్నాము. ఉచితంగా ఇచ్చిన మాత్రలను గూట్లో పెట్టి, అప్పు చేసి ఖరీదైన మాత్రలు కొంటారు. రెండు నెలలకు పైసలు అయిపోతాయి. అప్పుడు పాత మాత్రలకు తిరిగి రారు, మందే ఆపేస్తారు. రోగం ముదిరిన తరువాత మళ్ళీ ఇక్కడికే వస్తారు.

అందుకని ఈ రోజు మీకు కొన్ని మందుల కథ చెబుతాను. అవి ఎందుకు చవకగా దొరుకుతున్నాయో, ఆ ధర తగ్గడానికి ఎవరు శ్రమపడ్డారో తెలిస్తే మీ అనుమానం చాలావరకు తీరుతుంది. ఈ కథలన్నీ ఎక్కడో దూరదేశంలో జరిగినవి కావు. మన హైదరాబాదులోని ప్రభుత్వ ప్రయోగశాలలలో, అంటే మనం కట్టే పన్నులతో నడిచే ప్రయోగశాలలలో జరిగినవి.

మన రోడ్డు మీదే ఉన్న ప్రయోగశాల

తుక్కుగూడ నుండి శ్రీశైలం రోడ్డు మీద నగరం వైపు వెళ్తుంటే పహాడీషరీఫ్ ప్రాంతం వస్తుంది కదా! ఆ దగ్గరలోనే రిసెర్చ్ సెంటర్ ఇమారత్ అనే రక్షణ పరిశోధన కేంద్రం ఉంది. ఇంకొంచెం ముందుకు కంచన్‌బాగ్‌లో డి.ఆర్.డి.ఎల్. ఉంది. రెండూ దేశానికి క్షిపణులు తయారు చేసే చోట్లు. ఎత్తైన గోడలు, కాపలా చూసి "మనకు వీటితో ఏం పని?" అనుకుంటాము.

1982 నుండి డి.ఆర్.డి.ఎల్.కు డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం గారు డైరెక్టరుగా ఉన్నారు. తరువాత వారు మన రాష్ట్రపతి అయ్యారు. అగ్ని క్షిపణి కోసం వారి బృందం బలంగా, బాగా తేలికగా ఉండే ఒక పదార్థాన్ని తయారు చేసింది. ఒకరోజు నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడొకరు ఆ ప్రయోగశాలకు వచ్చి, ఆ పదార్థాన్ని చేతిలోకి తీసుకుని ఆశ్చర్యపోయారట. వెంటనే కలాం గారిని తన వార్డుకు తీసుకువెళ్ళి పిల్లలను చూపించారట. కాళ్ళు చచ్చుబడిన ఆ పిల్లలు ఒక్కొక్కటి 3 కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాలలో ఆ శాస్త్రవేత్తలు దాదాపు 300 గ్రాముల కాలిపర్లు చేసి ఇచ్చారు. తన జీవితంలో ఎంతో సంతోషపెట్టిన పనులలో ఇది ఒకటని కలాం గారు ఎన్నో సభలలో చెప్పుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. బరువు పదో వంతుకు తగ్గింది. తేలికగా ఉంది కాబట్టి నాసిరకమని ఎవరైనా అనగలరా? దాని వెనుక ఉన్నది క్షిపణిని తయారు చేసిన శాస్త్రం.

మీ ఇంట్లో కాలిపర్ వాడే బిడ్డ ఉంటే మూడు విషయాలు గుర్తుంచుకోండి. మొదటిది, కాలిపర్ విప్పిన ప్రతిసారీ చర్మం చూడండి. ఎర్రగా కందిన చోటు అరగంటకు కూడా మామూలు రంగుకు రాకపోతే దాన్ని సరిచేయించాలి. రెండవది, కాలిపర్ లోపల శుభ్రమైన నూలు మేజోడు తొడగండి. మూడవది, బిడ్డ పెరుగుతుంటే కాలిపర్ బిగుతవుతుంది, పొట్టిదవుతుంది. కొత్త కొలతలు తీయించాలి. "నొప్పి అంటున్నాడు" అని మూలన పడేస్తే కీలు వంకర తిరుగుతుంది. దివ్యాంగులకు ఉపకరణాలు ఉచితంగా గానీ తక్కువ ధరకు గానీ ఇచ్చే ప్రభుత్వ పథకాలు ఉన్నాయి. యూడీఐడీ కార్డు తీసుకుని ఉంటే ఆ పని సులువవుతుంది.

ఇంకొక మాట. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనల్ని పోలియో లేని ప్రాంతంగా ప్రకటించింది. దీన్ని సాధించింది ఉచితంగా వేసిన రెండు చుక్కల మందే. "ఊరికే వేసే చుక్కలు" అని తల్లులు తీసిపారేసి ఉంటే అది సాధ్యమయ్యేది కాదు.

ఏడువందల యాభై నుండి యాభైకి

ఇప్పుడు పహాడీషరీఫ్ దాటి, నగరానికి అవతలి వైపు తార్నాక దాకా వెళ్దాము. అక్కడ ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాని చుట్టుపక్కలే మూడు పెద్ద ప్రభుత్వ పరిశోధనా సంస్థలు ఉన్నాయి. ఒకటి మందుల రసాయనాల మీద పని చేసే ఐ.ఐ.సి.టి. రెండవది మన శరీరంలోని కణాల మీద పరిశోధన చేసే సి.సి.ఎం.బి. మూడవది జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్.ఐ.ఎన్. నేను చెప్పబోయే కథలన్నీ అక్కడివే.

మొదట పచ్చకామెర్ల సంగతి. కామెర్లు అనగానే పసరు మందు కోసం పరుగెత్తడం, చేతికి వాత పెట్టించడం మన ప్రాంతంలో ఇంకా ఉంది. పసరుతో తగ్గిందని చెప్పేవారు కూడా ఉన్నారు. కారణం ఏమిటంటే, కలుషితమైన నీళ్ళ వల్ల, తిండి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాల కామెర్లు చాలామందికి కొన్ని వారాలలో వాటంతట అవే తగ్గుతాయి. మంచిపేరు పసరుకు వస్తుంది. కానీ హెపటైటిస్ బి అలాంటిది కాదు. అది రక్తం ద్వారా, ఇతరులు వాడిన సూదులు, బ్లేడ్ల ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుండి బిడ్డకు వస్తుంది. పుట్టినప్పుడే సోకితే 10 మందిలో దాదాపు 9 మంది పిల్లలలో అది జీవితాంతం ఉండిపోతుంది. ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ లేకుండా ఉండి, చివరకు కాలేయం గట్టిపడి పాడవవచ్చు, కొందరికి కాలేయ క్యాన్సర్ వస్తుంది.

దీనికి టీకా ఉంది. అయితే 1990ల మధ్యలో విదేశాల నుండి వచ్చే ఆ టీకా ఒక్క మోతాదు ధర దాదాపు 750 రూపాయలు. మూడు మోతాదులు వేయించాలి. కూలి పని చేసుకునే కుటుంబానికి అది అందేది కాదు. కె.ఐ. వరప్రసాదరెడ్డి గారనే తెలుగు ఇంజనీరు 1993లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ అనే సంస్థ స్థాపించి, ఈ టీకాను ఇక్కడే తయారు చేయాలని పూనుకున్నారు. సొంత ప్రయోగశాల లేదు. మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తరువాత సి.సి.ఎం.బి.లో చోటు దొరికింది. కేంద్ర ప్రభుత్వ టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు సహాయం చేసింది. 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి అనే టీకా విడుదలైంది. ధర 50 రూపాయల ప్రాంతంలో పెట్టారు.

ఇది ఎలా సాధ్యమైంది? హెపటైటిస్ బి వైరస్ పైపొరలో ఒక ప్రొటీన్ ఉంటుంది. దాన్ని తయారు చేసే జన్యువును ఈస్ట్ కణాలలో ప్రవేశపెడతారు. రొట్టె పిండిని పొంగించే ఈస్ట్ తెలుసు కదా, అలాంటిదే. ఆ కణాలు పెద్ద పాత్రలలో పెరుగుతూ ఆ ప్రొటీన్‌ను తయారు చేసిపెడతాయి. దాన్ని శుద్ధి చేస్తే టీకా అవుతుంది. ఇందులో వైరస్ ఉండదు కాబట్టి టీకా వల్ల ఆ జబ్బు రాదు. ఈ విద్య మనవాళ్ళు సొంతంగా సాధించారు కాబట్టి ధర దిగింది.

2011-12 నాటికి ఈ టీకా దేశమంతటా ప్రభుత్వ టీకాల పట్టికలో చేరింది. ఇప్పుడు బిడ్డకు ఉచితం. కానీ బిడ్డ పుట్టిన 24 గంటలలోపు మొదటి మోతాదు పడాలి. "పసిగుడ్డుకు అప్పుడే సూదా? పురుడు అయ్యాక చూద్దాం" అని అత్తగారో అమ్మమ్మగారో అడ్డుపడడం మేము చూస్తూనే ఉన్నాము. అమ్మా, ఆ మొదటి రోజే తల్లి నుండి బిడ్డకు వైరస్ పోకుండా ఆపే రోజు. తరువాత 6, 10, 14 వారాలకు వేసే టీకాలలో మిగతా మోతాదులు ఉంటాయి. తల్లికి హెపటైటిస్ బి ఉందని తేలితే బిడ్డకు అదనంగా మరొక ఇంజక్షన్ కూడా అవసరం. కాన్పుకు ముందే డాక్టరుతో మాట్లాడండి. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే మిగతావారందరూ రక్తపరీక్ష చేయించుకుని, లేనివారు టీకా వేయించుకోవాలి. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్ష, మందులు ప్రభుత్వ కేంద్రాలలో ఉచితంగా లభిస్తాయి.

ఒక ఊరికి రెండు దారులు

తుక్కుగూడ నుండి చార్మినార్ పోవాలంటే పహాడీషరీఫ్, చాంద్రాయణగుట్ట మీదుగా పోవచ్చు. శంషాబాద్, ఆరాంఘర్ మీదుగా కూడా పోవచ్చు. దారి ఏదైనా చేరేది చార్మినారుకే. మందుల తయారీ కూడా ఇంతే. ఒకే మందును చేరుకోవడానికి రసాయన శాస్త్రంలో వేర్వేరు దారులు ఉంటాయి.

మన దేశంలో 1970 పేటెంట్ చట్టం ప్రకారం, 2005 వరకు మందు తయారుచేసే పద్ధతికే హక్కు ఉండేది, మందుకు కాదు. అంటే వేరే దారి కనిపెట్టగలిగితే అదే మందును ఇక్కడ తయారు చేయవచ్చు. ఆ దారులు వెతికిన ప్రయోగశాలలలో ముఖ్యమైనది మన ఐ.ఐ.సి.టి. అది 1944లో హైదరాబాదు సంస్థానంలో మొదలై, తరువాత సి.ఎస్.ఐ.ఆర్.లో చేరింది.

ఎయిడ్స్ జబ్బు వచ్చిన తొలిరోజులలో జిడోవుడిన్ అనే మందు విదేశాలలో దొరికేది, ధర మాత్రం మనవాళ్ళు తాకలేనిది. ఐ.ఐ.సి.టి. డైరెక్టరు డాక్టర్ ఎ.వి. రామారావు గారి బృందం దానిని తయారు చేసే దారి కనుగొంది. ఆ పద్ధతిని తీసుకున్న సిప్లా కంపెనీ 1990ల మొదట్లో మన దేశంలో ఆ మందును తక్కువ ధరకు తెచ్చింది. తరువాత 2001లో అదే కంపెనీ మూడు మందులు కలిపిన చికిత్సను సంవత్సరానికి 350 డాలర్లకు, అంటే రోజుకు ఒక డాలరుకన్నా తక్కువకు, సేవాసంస్థలకు ఇస్తామని ప్రకటించింది. అంతకు ముందు ధనిక దేశాలలో దానికి సంవత్సరానికి 10,000 డాలర్లకు పైనే అయ్యేది. ఆఫ్రికాలో, ఆసియాలో లక్షలాది ప్రాణాలు నిలవడానికి అది దారి తీసింది. 2004 ఏప్రిల్ 1 నుండి మన ప్రభుత్వం కూడా ఎ.ఆర్.టి. మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మొదలైన ఆరు రాష్ట్రాలలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర చాలు. మీ ఇంట్లో ఎవరైనా ఈ మందు వాడుతుంటే, వారు ఆరోగ్యంగా కనిపిస్తున్నారని ఆపనివ్వకండి. మాత్ర మానితే వైరస్ తిరిగి పెరుగుతుంది, ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది. క్రమం తప్పకుండా వాడితే పనికి వెళ్ళవచ్చు, పెళ్ళాం పిల్లలతో బతకవచ్చు. గర్భిణి సమయానికి మందు వాడితే బిడ్డకు సోకే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా, చేయి పట్టుకున్నా ఇది అంటదు. గిన్నె వేరు పెట్టకండి. మాత్ర పని చేయాలంటే ఇంట్లో మనిషికి చోటు ఉండాలి.

ఆరు నెలలకు ఒక చెంచా

అన్నిటికన్నా చిన్న కథ ఇది. ఒకప్పుడు మన పల్లెలలో పొద్దుగూకితే కళ్ళు కనిపించని పిల్లలు ఉండేవారు. రేచీకటి అనేవాళ్ళము. ముదిరితే నల్లగుడ్డు మెత్తబడి చూపే పోయేది. కారణం విటమిన్ ఎ లోపం. తార్నాకలోని ఎన్.ఐ.ఎన్. శాస్త్రవేత్తలు 1960లలో ఒక సంగతి నిరూపించారు. విటమిన్ ఎ మన కాలేయంలో నిలువ ఉంటుంది. కాబట్టి పెద్ద మోతాదు ఒకసారి ఇస్తే నెలల తరబడి సరిపోతుంది. దాని ఆధారంగా 1970లో దేశవ్యాప్త కార్యక్రమం మొదలైంది. బిడ్డకు 9 నెలలప్పుడు ఒక లక్ష యూనిట్లు, ఆ తరువాత ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్లు, 5 ఏళ్ళు వచ్చేవరకు. మొత్తం 9 మోతాదులు. అంగన్‌వాడీలో, ఆరోగ్య ఉపకేంద్రంలో ఇస్తారు.

ఉచితమే కదా అని మానకండి. మంచిదే కదా అని రెండుసార్లు వేయించకండి. ఎక్కువైతే విటమిన్ ఎ హాని చేస్తుంది. కార్డు మీద రాయించుకోండి. దానితోపాటు మునగాకు, తోటకూర, బొప్పాయి, కోడిగుడ్డు పిల్లల కంచంలో ఉండేలా చూడండి.

కోవిడ్ రోజులలో

పాత కథలేనా అని మీరు అడగవచ్చు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఆ ప్రయోగశాలలే ముందుకు వచ్చాయి. ముక్కులో పెట్టే పుల్లను ద్రవంలో ఉంచి పంపడం, తరువాత రసాయనాలతో వైరస్ పదార్థాన్ని వేరు చేయడం ఖర్చుతో, సమయంతో కూడిన పని. ఆ పుల్లను పొడిగానే పంపించి, ఆ రసాయనాల మెట్టు లేకుండా పరీక్ష చేసే పద్ధతిని సి.సి.ఎం.బి. రూపొందించింది. 2020 నవంబరులో ఐ.సి.ఎం.ఆర్. దానికి ఆమోదం తెలిపింది. 2021 జనవరి 3న అత్యవసర అనుమతి పొందిన కోవాక్సిన్‌ను, పూణేలోని ప్రభుత్వ వైరాలజీ సంస్థ వేరు చేసిన వైరస్‌తో హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారు చేసింది. ఆ టీకా శక్తిని పెంచే ఒక పదార్థాన్ని శుద్ధంగా, తక్కువ ఖర్చుతో తయారు చేసే దారి చూపింది మళ్ళీ మన ఐ.ఐ.సి.టి.

చవకైనదంతా మంచిదేనా?

కాదు. అది కూడా చెప్పాలి. నమ్మకమైన మందుల దుకాణం నుండి రసీదుతో కొన్న మందుకు, రసీదు లేకుండా ఎవరో చేతిలో పెట్టిన మందుకు తేడా ఉంది. అట్ట మీద మందు అసలు పేరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ చూడండి. జనఔషధి కేంద్రాలలో అదే మందు కంపెనీ పేరు లేకుండా తక్కువ ధరకు దొరుకుతుంది. దుకాణంలో వేరే కంపెనీ మాత్ర ఇస్తే, అసలు పేరు, మిల్లీగ్రాములు ఒకటేనా అని అడగండి. మూర్ఛకు, థైరాయిడ్‌కు, రక్తం పలచబడడానికి మందులు వాడేవారు మాత్రం కంపెనీ మార్చే ముందు డాక్టరుకు చెప్పండి.

"శాస్త్రవేత్తలు కనిపెట్టారు, షుగరు మాయం" అని సెల్‌ఫోనులో వచ్చే సందేశాలను చూసి వాడుతున్న మందు ఆపకండి. నిజమైన మందు ప్రయోగశాల నుండి మీ చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఎన్నో పరీక్షలు, అనుమతులు దాటాలి. ఆ సందేశాన్ని తీసుకువచ్చి మాకు చూపించండి, విసుక్కోము.

చివరగా మీరు గుర్తుంచుకోవలసినవి:

1. మందు ధర గురించి అనుమానం ఉంటే మందు ఆపకముందే అడగండి.

2. ఉచితంగా ఇచ్చిన మందు గడువు, మోతాదు రాయించుకుని, పూర్తికాలం వాడించండి.

3. బిడ్డ పుట్టిన 24 గంటలలోపు హెపటైటిస్ బి టీకా పడిందో లేదో కార్డులో చూడండి.

4. కామెర్లు వస్తే పసరుకు ముందు రక్తపరీక్ష చేయించండి.

5. మందు ఖర్చు భరించలేకపోతే సిగ్గుపడకుండా చెప్పండి. అదే మందు తక్కువ ధరకు దొరికే మార్గం చాలాసార్లు ఉంటుంది.

తార్నాకలో, కంచన్‌బాగ్‌లో కూర్చున్న శాస్త్రవేత్తలు మీ రోగిని ఎప్పుడూ చూడలేదు. వారు ఏళ్ళ తరబడి చేసిన పనిలో చివరి మెట్టు మాత్రం మీ చేతిలోనే ఉంది. రాత్రి 9 గంటలకు మాత్ర తీసి, గ్లాసులో నీళ్ళు పోసి, "మింగు నాయనా" అనేది మీరే. ఆ పని మీరు మానకపోతే వారి శ్రమ ఫలిస్తుంది.

మీవాళ్ళు త్వరగా కోలుకుని మీతో ఇంటికి రావాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.